టకటకయా, టక్కా?

కారు కదలనని మొండికేసిన యుదయమున మన యిండ్లలో మూడు భాషలు వినవచ్చును. కళాశాలకు బయలుదేరిన కుఱ్ఱవాడు “క్లిక్ వస్తా ఉంది” అని ఇంగ్లీషు మాట వాడును. ప్రక్కయింటివారు బ్యాటరీ మార్చుడని తమిళమున సలహా నిత్తురు. వంటయింటిలోనుండి ముసలమ్మ “ఎట్లా అంటా ఉందిరా?” అని తెలుగున నడుగును. మరమ్మతునకు పనికివచ్చునది ఈ మూడవ మాటయే.

క్లిక్ అన్నప్పుడు ఏదో శబ్దమైనదను వార్త మాత్రమే మనకు చేరును. అది ఒక్కమారా, పలుమార్లా, బరువైనదా, సన్ననిదా యను వివరము అందు లేదు. తెలుగున టకటక వేఱు, టక్కు వేఱు, చిటుకు వేఱు. మాట సరిగా చెప్పినచో దోషమెచ్చట నున్నదో సగము చెప్పినట్లే.

మా కోయంబత్తూరున పీళమేడు వైపు ఒక వృద్ధ మెకానిక్కు గలడు. తరతరములుగా ఇచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబమువాడు. తెలుగు చదువుట, వ్రాయుట ఆయనకు రాదు, ఇంట మాటలాడుటయే. కారు ఏ కంపెనీదని గాని, ఏ సంవత్సరముదని గాని ముందుగా నడుగడు. “ఏమప్పా, టకటకా అంటా ఉందా, టక్ అని ఊరుకుందా?” అనునదే ఫోనులో ఆయన మొదటి ప్రశ్న.

ఎడతెగక టకటకలాడినచో సామాన్యముగా బ్యాటరీ డౌనైనదని యర్థము. దీని కారణము తెలిసికొనదగినది. తాళము త్రిప్పగానే స్టార్టరుపై నున్న సొలినాయిడు, అనగా తీగచుట్ట, అయస్కాంతమై లోని యినుపకడ్డీని లాగును. ఆ కడ్డీ రాగి బిళ్లలను కలిపి బ్యాటరీ శక్తిని మోటారునకు విడుచును. చిన్న పెట్రోలు కారు స్టార్టరు 100 మొదలు 200 ఆంపియర్ల వఱకు త్రాగును. బలహీనమైన బ్యాటరీ ఆ బరువునకు ఒక్కసారిగా క్రుంగును. క్రుంగగానే అయస్కాంతము పట్టు విడుచును. పట్టు విడువగానే బరువు తొలగి బ్యాటరీ తేఱుకొనును. తేఱుకొని మరల లాగును. క్షణములో పలుమార్లు జరుగు ఈ పెనుగులాటయే మనకు వినవచ్చు టకటక. “దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది, బ్యాటరీకేమి కొదువ?” అని వాదించువారు గలరు. తలదీపమొక్కటి త్రాగునది సుమారు 5 ఆంపియర్లు. చెంబెడు నీళ్లు వచ్చినవని బావి నిండుగా నున్నదందుమా? మీటరు పెట్టి చూచిన నిజము తేలును. ఇంజను నడవక నిలిచియున్న కారులో 12.6 వోల్టులు చూపినచో బ్యాటరీ నిండినది, 12.2 చూపినచో సగమే. 12నకు దిగినచో చార్జికి పెట్టవలసినదే.

అయినను టకటకలన్నియు బ్యాటరీ పాపము కావు. మూడేండ్ల క్రిందట, మా అత్తగారిని కంటి ఆపరేషనునకు తీసికొనిపోవలసిన నాడు, మా కారు టకటకలాడెను. బ్యాటరీ అంగడినుండి వచ్చిన యువకుడు మీటరైనను పెట్టక క్రొత్తది కొనుడనెను. ధర కొన్ని వేల రూపాయలు. ఫోనులో ముసలాయన, “లైటు వేసి తాళం తిప్పు. లైటు మసకవుతా ఉందా?” అని యడిగెను. లేదు, చెక్కుచెదరక వెలుగుచున్నది. “అయితే బ్యాటరీ బాగుంది. ఎర్తు చూడప్పా” అనెను. చూడగా, ఇంజనునకు పోవు ఎర్తు తీగ బోల్టువద్ద తుప్పు పట్టియుండెను. తుప్పు వలన కలుగు అడ్డు 0.02 ఓములే యైనను, 150 ఆంపియర్లు పాఱునప్పుడు 3 వోల్టులు అచ్చటనే హరించిపోవును. ఉప్పుకాగితముతో రుద్ది బిగింపగానే ఇంజను లేచెను. అత్తగారు వేళకే ఆసుపత్రి చేరిరి. బ్యాటరీ కొనలపై తెల్లగానో పచ్చగానో పూచు పొడియు ఇట్టి యడ్డే. వేడినీటిలో తినుసోడా కలిపి కడిగిన పోవును. విప్పునప్పుడు నెగెటివు తీగ ముందు, బిగించునప్పుడు అదియే చివర.

ఒక్క టక్కుమని ఊరకుండుట వేఱు కథ. సొలినాయిడు లాగినది, మోటారు తిరుగలేదు. బిళ్లలు కాలియుండవచ్చును, లేదా మోటారులోని కార్బను బ్రష్షులు అరిగియుండవచ్చును. బ్రష్షుల దోషమైనచో, న్యూట్రలులో నుంచి హ్యాండుబ్రేకు వేసి, స్పానరు పిడితో స్టార్టరును మెల్లగా తట్టిన ఒకటి రెండు మార్లు పలుకును. అది ఇల్లు చేరుటకే గాని నెల గడుపుటకు గాదు. వాననీరు నిండిన వీధిలో నడచి ఆగిపోయిన కారు టక్కుమన్నచో మాత్రము తాళము మరల ముట్టరాదు. సిలిండరులో నీరు చేరియున్నచో లోని రాడ్డు వంగి పని వేలు దాటును. ఇక డాష్‌బోర్డు వైపునుండి సన్నగా చిటుకుమని ఊరకున్నచో, అది రిలే పలుకు. స్టార్టరునకు పిలుపే యందలేదన్నమాట.

స్టార్టరును మా షెడ్డులలో నేటికిని “సెల్ఫ్” అనియే యందురు. పూర్వము ముందునుండి హ్యాండిలు త్రిప్పవలసి వచ్చెడిది. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విఱిగెడిది. చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్తు స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చెను. 1920లో పొల్లాచ్చి పళనిల నడుమ బస్సు నడిపిన జి.డి. నాయుడుగారు తెలుగింట పుట్టినవారే. వారును డి. బాలసుందరం నాయుడుగారును 1937లో భారతదేశపు తొలి విద్యున్మోటారును ఇచ్చటనే తయారుచేసిరని ఈ యూరికి ప్రసిద్ధి. సెల్ఫ్ కూడ విద్యున్మోటారే గదా. దాని గొంతు మా మెకానిక్కులకు ఇంత పరిచితమగుట అందుచేతనే కాబోలు!

ముసలాయన షెడ్డులో నేడు పనిచేయు కుఱ్ఱవాండ్రలో తెలుగువాడు ఒక్కడే. తక్కిన తమిళ బాలురకు ఆయన ప్రశ్న అర్థమగుటలో చిక్కు లేదు. వారి భాషలోను ఇట్టి మాటలకు లోటు లేదు. చిక్కు మన పిల్లలతోనే. టకటకయా, టక్కా యని యడిగిన మరల క్లిక్ అందురు. ఆయన కసరుకొనడు. “ఫోను బండి దగ్గిర పెట్టి తాళం తిప్పప్పా, నేనే వింటాను” అనును.