జారాక తెలిసే నేల

2016 నవంబరు. ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. లెడ్‌బరీ వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ దున్నిన పొలాలు ఎర్రగా ఉన్నాయి. మారేడుమిల్లి ఘాట్‌లో గట్టు కోసినచోట కనిపించే ఎరుపే. "ఇక్కడ బురద అంటుకుంటే వదలదత్తా, పొడుగు బూట్లు తెచ్చాను" అన్నాడు మా మేనల్లుడు. వాడు కొవెంట్రీ దగ్గర కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేస్తాడు. ఈ పూట వాడు నాకిచ్చిన కానుక.

వెళ్తున్నది ఈస్ట్‌నోర్ కోటకి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి రూపమిచ్చిన రాబర్ట్ స్మర్క్ నమూనాతో 1810లలో కట్టిన కోట అది. బాగుంది, కానీ నేను వచ్చింది కోట కోసం కాదు. దాని చుట్టూ మాల్వర్న్ కొండల అంచున వేల ఎకరాల ఎస్టేటు ఉంది. ల్యాండ్ రోవర్ బళ్లను 1960ల మొదట్నుంచీ ఈ అడవి దారుల్లో పరీక్షిస్తున్నారు. అక్కడే మామూలు మనుషులకు కూడా బురదలో బండి నడపడం నేర్పుతారు.

ఈ కోరిక ఎక్కడిదో చెప్పాలి. మా నాన్న రంపచోడవరంలో అటవీ శాఖ జీపు డ్రైవరు. ఆ జీపులో గేరు రాడ్ పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలకూ బలం అందించడానికి, రెండోది బండిని నెమ్మదిగా, గట్టిగా లాగించడానికి. ఏ నేల మీద ఏది వేయాలో నాన్నకి తెలుసు. నాకు చెప్పేవాడు కూడా. కానీ ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికి ప్రభుత్వ జీపు స్టీరింగ్ ఎవరిస్తారు? ఇప్పటి ల్యాండ్ రోవర్లలో ఆ రాడ్ల పని చాలావరకు ఒక గుండ్రటి మీట చేస్తుందనీ, అందులో ఆటో అని పెడితే నేలను బండే గుర్తుపడుతుందనీ మేనల్లుడు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే ఆరాటం. బండి నేలను ఎలా గుర్తుపడుతుంది? నాన్నకి అదెలా తెలిసేదో కూడా నేనెప్పుడూ అడగలేదు.

మాకిచ్చింది రేంజ్ రోవర్. లోపల తోలు సీట్లు, చెక్క పలకలు. బురద బూట్లతో ఎక్కడానికి మనసొప్పలేదు. నేర్పే ఆయన అరవై దాటిన మనిషి, నిదానస్తుడు. ముందు బండి ఎక్కించకుండా బయటే నిలబెట్టి చెప్పాడు. ఈ మీటకు టెరైన్ రెస్పాన్స్ అని పేరు. మొదట 2004లో డిస్కవరీ 3తో వచ్చింది. అప్పట్లో నేలను చూసి మీట తిప్పాల్సింది డ్రైవరే. మామూలు రోడ్డు, గడ్డి-కంకర-మంచు, బురద-గాళ్లు, ఇసుక, రాళ్లు అని ఐదు గుర్తులు. 2012లో కొత్త రేంజ్ రోవర్‌తో ఆటో వచ్చి చేరింది.

ఒక్కో గుర్తుకు బండి స్వభావమే మారిపోతుందని నడిపితే గాని అర్థం కాలేదు. తడి గడ్డి ఏటవాలు మీద మొదట గడ్డి గుర్తు పెట్టించాడు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ మెత్తగా, ఆచితూచి లేస్తుంది. బండి మొదటి గేరు వదిలేసి రెండో గేరులోనే కదులుతుంది. చక్రం కాస్త జారబోతే చాలు, అక్కడికక్కడే పట్టేస్తుంది. ఎందుకంటే చక్రం ఒక్క చుట్టు ఉత్తినే తిరిగినా గడ్డి పొర లేచిపోయి, కింద నున్నటి మట్టి బయటపడుతుంది. ఆ తర్వాత ఇంక పట్టు దొరకదు.

బురదలో దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. అక్కడ చక్రం కొంత తిరగనివ్వాలి. తిరిగితేనే టైరు గళ్లలో ఇరుక్కున్న బురద విసిరికొట్టుకుపోయి, కింద గట్టి నేల అందుతుంది. ఇసుకలో అయితే ఊపు పోకూడదు, ఇంజిన్ బలాన్ని మధ్యలో కోసేయకూడదు. గేరు తొందరపడి పైకి మారకూడదు. జారడమనేది ఒక్కటే. ఒకచోట అది తప్పు, ఇంకోచోట అదే ఉపాయం. నాన్న పాదానికి తెలిసిన తేడా ఇదే.

మరి ఆటోకి ఈ తేడా ఎలా తెలుస్తుంది? దానికి ముందున్న నేల కనపడదు. నాలుగు చక్రాల దగ్గరా వేగం కొలిచే సెన్సర్లున్నాయి. ఏ చక్రం ఎంత పైకి లేచిందో, ఎంత కిందికి వేలాడిందో సస్పెన్షన్ చెబుతుంది. స్టీరింగ్ ఎటు తిరిగింది, పాదం ఎంత తొక్కింది అన్నదీ తెలుస్తుంది. పాదం తొక్కినదానికి, చక్రాలు తిరిగినదానికి, బండి నిజంగా కదిలినదానికి పొంతన చూసుకుంటూ ఇది ఏ నేలో పోల్చుకుంటుంది. చీకట్లో చెరువు గట్టు మీద నడిచే మనిషి కాలితో తడుముకున్నట్టు. కాలు కాస్త జారాకే ఇక్కడ బురద ఉందని తెలుస్తుంది.

మీట ఆటోలో పెట్టి అడవిలోకి దిగాం. కంకర దారిలో ఏమీ తెలియలేదు, అదే దాని గొప్ప. తర్వాత ఎత్తుకు పోయే దారి, మధ్యలో మోకాలి లోతు గాళ్లు. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టకమ్మా అన్నాడాయన. రాయి తగిలి స్టీరింగ్ విదిలిస్తే వేళ్లు విరుగుతాయట. నా బొటనవేళ్లు అప్పటికే బయట ఉన్నాయి. నా తొమ్మిదో ఏట నాన్న చెప్పిన మాట అది.

సగం ఎక్కాక వెనక ఎడమ చక్రం జారింది. ఇంజిన్ మోత పెరిగింది, బండి నిలిచినంత పనైంది. సరిగ్గా ఆ క్షణంలో నేను భయపడి పాదం తీసేశాను. బండి ఆగిపోయింది. ఆయన కోప్పడలేదు. వెనక్కి దిగి మళ్లీ రమ్మన్నాడు, ఈసారి పాదం కదపొద్దన్నాడు. రెండోసారి అదే చోట అదే చక్రం జారింది. నేను ఊపిరి బిగబట్టాను. కింద గరగరమని చప్పుడు. ఉత్తినే తిరుగుతున్న చక్రానికి మాత్రం బండి తనే బ్రేకు వేసింది. మామూలుగా రెండు చక్రాల మధ్య బలం ఎటు సులువైతే అటు పోతుంది. ఒక చక్రం జారితే అది పిచ్చిగా తిరిగి, నేలను పట్టుకున్నది ఊరుకుంటుంది. జారే చక్రాన్ని బ్రేకుతో ఆపితే ఆ బలం రెండో వైపుకు మళ్లుతుంది. రెండు క్షణాల్లో బండి ఎవరో భుజం పట్టి లాగినట్టు పైకి లేచింది.

ఆ రెండు క్షణాలూ డ్రైవరు ఓపిక పట్టాలి. ఆటో మీద నాకు గౌరవం కలిగింది అక్కడే, దాని హద్దు తెలిసిందీ అక్కడే. అది జారుడు నుంచి నేర్చుకుంటుంది, కాబట్టి కొంత జారనివ్వాలి. కానీ ముందున్నది బురదేనని కళ్లకు కనిపిస్తున్నప్పుడు దాన్ని అడుగు తడుముకోనివ్వడం దేనికి? మూడో ఎత్తుకు ముందు నేనే బురద గుర్తుకు తిప్పాను. బండి మొదటి నుంచీ సిద్ధంగా ఉండి, ఆ తడబాటు లేకుండా ఎక్కేసింది. ఆయన నవ్వి తలూపాడు.

ఆటో తానుగా చేయని పనులూ కొన్ని ఉన్నాయి. బలాన్ని దాదాపు మూడింతలు చేసే లో రేంజ్ అలాంటిది. అవసరమైతే వేయమని తెర మీద సలహా ఇస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి బటన్ నొక్కాల్సింది మనమే. రాళ్ల గుర్తు కూడా లో రేంజ్‌లోనే పనిచేస్తుంది. దిగుడులో రెండు పాదాలూ తీసేయమన్నప్పుడు మాత్రం మనసు ఒప్పించడం కష్టమైంది. బండి ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు తడుతూ మనిషి నడక వేగంతో దిగింది. 1997లో ఫ్రీలాండర్‌లో మొదట పెట్టిన ఏర్పాటు ఇది. నాన్న అయితే మొదటి గేరు వేసి, బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగేవాడు.

చివరికి నీళ్లు వచ్చాయి. దారికి అడ్డంగా, గోధుమ రంగులో, అడుగు కనపడకుండా. ఈ బండి 900 మిల్లీమీటర్ల లోతు నీటిని కూడా దాటగలదు. అయినా ఆయన ఇంజిన్ ఆపించి దిగాడు. వెనక డిక్కీలోంచి పొడుగు కర్ర తీశాడు. మీటలో అన్ని గుర్తులున్నాయి కదా, ఇదెందుకని మేనల్లుడు అడిగాడు. నీటి కింద గుంట ఉంటే చక్రం అందులో పడ్డాకే బండికి తెలుస్తుందని ఆయన జవాబు.

నాన్న సీటు కింద ఎప్పుడూ ఒక వెదురు కర్ర ఉండేది. వాగు అడ్డొస్తే పంచె ఎగగట్టి దిగేవాడు. అధికారులు గడియారం చూసుకుంటున్నా సరే, అటు ఒడ్డు దాకా నడిచి వచ్చాకే స్టీరింగ్ ముట్టేవాడు.

"కర్ర నాకివ్వండి" అన్నాను. బూట్ల మీదుగా చలి మోకాళ్లకు ఎక్కింది. నడుమ రాళ్లు, గట్టిగా ఉన్నాయి. ఎడమ పక్క కర్ర జానెడు లోతుకు దిగబడింది. అటు ఒడ్డు దాకా నడిచి, తిరిగొచ్చి, బండి ఎత్తు పెంచి, కుడి వైపు ఒరుసుకుంటూ నెమ్మదిగా నీళ్లలోకి దించాను.