చెక్కిలి సొట్టలాంటి మైదానం



ఐరోపా ఖండానికి నడిమధ్యన చెక్ దేశమున్నది. దాని రాజధాని ప్రాగ్ నగరం. ఆ నగరానికి వెళ్లినవారు సాధారణంగా వల్టావా నదిమీది పాత రాతి వంతెనను, కొండమీది కోటను చూస్తారు. మన సంఘాలవారైతే 1415లో సజీవదహనానికి గురైన యాన్ హుస్ ప్రసంగాలు చేసిన బేత్లెహేము ప్రార్థనాలయాన్ని కూడా తప్పక చూచి వస్తారు. ఈ నెల మనం ఆ దారి విడిచి, ట్రామెక్కి, నగరానికి ఆగ్నేయంగా ఉన్న ఒక మామూలు పేటకు వెళ్దాం. ఆ పేట పేరు వర్షోవిట్సె. అక్కడ రాజులు కట్టిన భవనాలు లేవు. పనిపాటలు చేసుకొని బ్రతికే కుటుంబాలు నాలుగైదు అంతస్తుల ఇండ్లలో కాపురముండే చోటు అది.

మనం దిగవలసిన ట్రాము స్టాపు పేరు "బొహీమియన్స్". అది ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పేరు. స్టాపు ప్రక్కనే ఆ క్లబ్బు మైదానమున్నది. దాన్ని అక్కడివారు "ద్యోలీచెక్" అంటారు. చెక్ భాషలో ఆ మాటకు చిన్న గుంట అని అర్థం. నవ్వినప్పుడు పిల్లల చెక్కిలిమీద పడే సొట్టను కూడా అదే మాటతో పిలుస్తారు. మైదానం పల్లంలో ఉండడంచేత ఆ పేరు వచ్చింది. సొంత బిడ్డను పిలిచినట్టు దాన్ని ఇంకా ముద్దుచేసి పలకడం అక్కడివారికి అలవాటు.

చూడడానికి అదేమంత గొప్ప కట్టడం కాదు. ఆరు వేల పైచిలుకు జనం పడతారు, అంతే. ఒక ప్రక్క గ్యాలరీని ఆనుకొన్నట్టుగా ఇండ్లున్నాయి. ఆ ఇండ్లవాళ్లు కిటికీ తెరిస్తే చాలు, ఆట కళ్లముందుంటుంది. అలాంటి చిన్న మైదానం కోసం ఒక పేట ప్రజలు ఎందుకు అంతగా కష్టపడ్డారో తెలియాలంటే వెనుకటి సంగతులు కొన్ని తెలియాలి.

ఈ క్లబ్బు 1905లో పుట్టింది. అప్పటికి చెక్ ప్రజలకు సొంత రాజ్యం లేదు. వారి దేశం ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. వర్షోవిట్సె కూడా ప్రాగ్‌లో భాగం కాదు, దాని ప్రక్కనున్న వేరే ఊరు. 1922లోగాని అది నగరంలో కలవలేదు. క్లబ్బుకు కూడా మొదట ఊరి పేరే పెట్టుకున్నారు.

1927లో ఒక చిత్రమైన సంగతి జరిగింది. ఈ పేట జట్టుకు ఆస్ట్రేలియా నుండి ఆహ్వానం వచ్చింది. విమానాల్లో తిరిగే రోజులు కావవి. ఓడ ఎక్కి వారాల తరబడి సముద్రంమీద ప్రయాణం చేసి వెళ్లారు. అయితే వర్షోవిట్సె అంటే ఆస్ట్రేలియావారికి ఏమి తెలుస్తుంది? నోరు కూడా తిరగదాయె. అందుచేత చెక్ ప్రాంతానికి పూర్వంనుండి ఉన్న బొహీమియా అనే పేరునుబట్టి "బొహీమియన్స్" అనే పేరుతో అక్కడ ఆడారు. ఆ దేశమంతా తిరిగి ఆటలాడిన తరువాత అక్కడివారు వీరికి రెండు కంగారూలను బహుమానంగా ఇచ్చారు. బొమ్మలు కావు, ప్రాణమున్న కంగారూలే! వాటిని కూడా ఓడలోనే ఇంటికి తెచ్చారు.

అప్పటినుండి క్లబ్బుకు బొహీమియన్స్ అనే పేరు, ఆకుపచ్చ తెలుపు రంగుల చొక్కామీద కంగారూ గుర్తు నిలిచిపోయాయి. ఈ జట్టువారిని ఈనాటికీ "కంగారూలు" అనే పిలుస్తారు. మంచు కురిసే ఆ దేశంలో కంగారూకేమి పని అని క్రొత్తవారు నవ్వుకుంటారు. పేటవారు మాత్రం తాతలనాటి ప్రయాణాన్ని ఆ గుర్తులో చూచుకుంటారు.

ఆస్ట్రేలియా నుండి తిరిగివచ్చిన అయిదేండ్లకు, అనగా 1932లో, ద్యోలీచెక్ మైదానంలో ఆటలు ప్రారంభమయ్యాయి. ఆ రోజుల్లో వర్షోవిట్సె పేట శీఘ్రంగా పెరుగుతున్నది. 1930 ప్రాంతంలోనే అక్కడ సెయింట్ వాట్స్‌లావ్ పేరున ఒక క్రొత్త కథోలిక దేవాలయం లేచింది. దానికి నమూనా గీసినవాడు యోసెఫ్ గోచార్ అనే పేరుపొందిన చెక్ శిల్పి. ఇంచుమించు అదే కాలంలో యాన్ హుస్ పేరున ఏర్పడిన సంఘస్థులు కూడా ఆ పేటలోనే తమ మందిరం కట్టుకున్నారు. ఆదివారాన ఆరాధనకొక చోటు, పిల్లలకు బడి, ఆడుకోవడానికొక మైదానం – ఇవన్నీ ఉంటేనే అది ఊరనిపించుకుంటుందని ఆ తరంవారు తలంచినట్టున్నారు.

ఆ తరువాత కష్టకాలం వచ్చింది. 1939లో జర్మనీ సైన్యాలు ప్రాగ్‌లో ప్రవేశించాయి. యుద్ధం ముగిసి ఊపిరి పీల్చుకున్నారో లేదో, 1948లో కమ్యూనిస్టు పార్టీ అధికారాన్ని చేజిక్కించుకొన్నది. అప్పుడు ఆటల క్లబ్బులన్నిటినీ ఫ్యాక్టరీలకు, ప్రభుత్వ శాఖలకు అప్పగించారు. బొహీమియన్స్ పేరు తీసివేశారు. కొంతకాలం రైల్వేవారి పేరు, 1950లలో "స్పార్టక్ స్టాలిన్‌గ్రాడ్" అనే పేరు తగిలించారు. కాగితంమీద ఏ పేరున్నా, పేటవారు ఆట చూడడానికి వెళ్లింది మాత్రం ఆ గుంటలోని మైదానానికే. 1960లలో బొహీమియన్స్ అనే పాత పేరు, ఫ్యాక్టరీ పేరుతోపాటుగానైనా, తిరిగివచ్చింది.

ఇక ఈ మైదానం పెంచిన ఒక మనిషి సంగతి చెప్పాలి. అతని పేరు ఆంటోనీన్ పనెంకా. 1948లో ప్రాగ్‌లోనే పుట్టాడు. చిన్నతనంలోనే ఈ క్లబ్బులో చేరాడు. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ అనేది ఒకటున్నది. గోలుకు 11 మీటర్ల దూరంలో బంతినుంచి, ఒక ఆటగాడు తంతాడు. గోల్‌కీపరు ఒక్కడే దాన్ని ఆపాలి. పనెంకా సాధన ముగిసిన తరువాత గోల్‌కీపర్ జ్డెన్యెక్ హ్రుష్కాతో పెనాల్టీల పందెం వేసేవాడు. పందెం ఒక చాక్లెట్టో, ఒక గ్లాసు బీరో. హ్రుష్కా గట్టివాడు. మాటిమాటికీ పనెంకాయే ఓడిపోయేవాడు.

ఇలా ఓడి ఓడి, ఒక రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే అతనికి ఒక సంగతి తోచిందట. బంతిని తన్నేలోపలే గోల్‌కీపరు కుడికో ఎడమకో దూకుతాడు. నడిమధ్యన ఎవరూ ఉండరు. బలంగా తన్నితే దూకేవాడి కాలికైనా తగలవచ్చు. కాబట్టి బంతిని మెల్లగా, కొంచెం పైకి లేచేలా, సరిగా మధ్యకే పంపితే? ఈ ఉపాయం ఫలించింది. ఆ తరువాత పందేలు గెలవడం మొదలుపెట్టాడు. పెద్ద ఆటల్లోకి తేకముందు ఎంతోకాలం దాన్ని సాధన చేశాడు.

1976 జూన్ 20న బెల్‌గ్రేడ్ నగరంలో ఐరోపా దేశాల పోటీలో చివరి ఆట జరిగింది. ఒక ప్రక్క చెకోస్లవేకియా, మరొక ప్రక్క ప్రపంచ విజేతయైన పశ్చిమ జర్మనీ. ఆట 2–2తో సమమైంది. పెనాల్టీలతో తేల్చవలసివచ్చింది. జర్మనీవారు తన్నిన నాలుగో బంతి గోలు పైనుండి పోయింది. ఇప్పుడు పనెంకా వంతు. గోలైతే దేశం గెలుస్తుంది. ఎదుట నిలిచినవాడు సెప్ మాయర్, ఆ కాలంలో పేరుమోసిన గోల్‌కీపరు. పనెంకా వేగంగా పరుగెత్తుకొచ్చాడు. మాయర్ ఒక ప్రక్కకు దూకాడు. బంతి మాత్రం తీరికగా గాలిలో తేలివచ్చి నడిమధ్యన వాలింది. 5–3తో చెకోస్లవేకియా గెలిచింది. ఈనాడు లోకంలో ఎక్కడ ఎవరు ఆ విధంగా పెనాల్టీ తన్నినా దాన్ని "పనెంకా" అనే అంటారు. ప్రపంచమంతా ఎరిగిన ఆ ఉపాయం సాధన ముగిశాక ఇద్దరు స్నేహితులు వేసుకున్న చిన్న పందెంలో పుట్టింది.

1981లో పనెంకా ఆస్ట్రియా దేశపు క్లబ్బుకు వెళ్లిపోయాడు. ఇక బొహీమియన్స్ పని అయిపోయిందని ఎవరైనా అనుకొని ఉంటే పొరపాటే. టొమాష్ పొస్పీఖల్ అనే శిక్షకుని చేతిక్రింద 1982–83లో ఆ జట్టు తన చరిత్రలో మొదటిసారి జాతీయ లీగ్ గెలిచింది. అదే సంవత్సరం యూఈఎఫ్ఏ కప్పు సెమీఫైనల్ వరకు వెళ్లి, బెల్జియం జట్టు అండర్‌లెఖ్ట్ చేతిలో ఓడింది. కప్పు గెలిచింది కూడా ఆ జట్టే.

1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది. 1993లో చెక్, స్లొవాక్ దేశాలు వేరుపడ్డాయి. ఇంతకాలం క్లబ్బులను పోషించిన ఫ్యాక్టరీల ఆసరా తొలగింది. డబ్బుగల యజమానుల చేతుల్లోకి క్లబ్బులు పోయాయి. కొన్ని బాగుపడ్డాయి. కొన్ని అప్పులపాలయ్యాయి. బొహీమియన్స్ రెండవ కోవలో చేరింది. 2005లో, సరిగా నూరేండ్లు నిండిన సంవత్సరంలో, అప్పులు తీర్చలేక పోటీలో నుండి వెలివేయబడింది. నూరేండ్ల పండుగ చేసుకోవలసిన పేటలో దుఃఖం కమ్ముకున్నది.

అప్పుడు పేటవారు ఊరకే కూర్చోలేదు. అభిమానులు కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. ఎవరికి తోచింది వారు ఇచ్చారు. అలా పోగైన సొమ్ముతోను, ముందుకొచ్చిన మరికొందరి సాయంతోను క్లబ్బు మూడవ శ్రేణి పోటీలో మరల మొదలైంది. పెద్ద జట్లతో ఆడినవారు ఇప్పుడు చిన్న ఊళ్ల జట్లతో ఆడారు. అందుకు ఎవరూ సిగ్గుపడలేదు. ఆకుపచ్చ కండువాలు వేసుకొని అభిమానులు ఆ ఊళ్లకు కూడా వెంటవెళ్లారు. 2007లో జట్టు తిరిగి మొదటి శ్రేణికి చేరింది.

క్లబ్బు బ్రతికింది గాని, రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది పేరు. బొహీమియన్స్ అనే పేరును, కంగారూ గుర్తును ప్రాగ్‌లోనే మరొక పేటయైన స్ట్రీజ్‌కోవ్ క్లబ్బు అద్దెకు తీసుకొన్నది. 2009–10లో ఒకే పేరుగల రెండు జట్లు ఒకే పోటీలో ఉండే వింత పరిస్థితి వచ్చింది. వర్షోవిట్సెతో ఆడవలసిన రోజున స్ట్రీజ్‌కోవ్ జట్టు ఆటకే రాలేదు. అందుకు శిక్షగా దానికి పాయింట్లు కోసివేశారు. ఆ సంవత్సరమే అది క్రింది శ్రేణికి జారిపోయింది. వర్షోవిట్సె జట్టు "బొహీమియన్స్ 1905" అనే పేరుతో నిలిచింది. ఆ 1905 అనే అంకెలో మేమే అసలువారసులమనే మాట ఉన్నది.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. అది మైదానం. నగరంలో నేల ధర ఎంత పలుకుతుందో చెప్పనక్కరలేదు. ట్రాము దారిలో, ఇండ్ల నడుమ ఉన్న ఆ స్థలం ప్రైవేటు చేతుల్లో ఉన్నది. అక్కడ మైదానం తీసివేసి భవనాలు లేపుతారనే భయం అభిమానులను పట్టుకొన్నది. 2010 తరువాత కొంతకాలం జట్టు తన మైదానం విడిచి, మైలు దూరం కూడా లేని స్లావియా క్లబ్బు క్రొత్త స్టేడియంలో ఆడవలసివచ్చింది. ఆ స్టేడియం ఎంతో పెద్దది, సౌకర్యమైనది. అయినా అది చిరకాలపు ప్రత్యర్థి ఇల్లు. ఎంత మంచి ఇల్లైనా అద్దె ఇల్లు అద్దె ఇల్లే కదా!

ద్యోలీచెక్‌ను కాపాడండి అంటూ జనం వీధుల్లో ఊరేగింపుగా నడిచారు. నగర సభవారిని వదలకుండా అడిగారు. ఎన్నికలు వచ్చి పాలకులు మారినా అడగడం మానలేదు. చివరకు 2016లో ప్రాగ్ నగరమే సుమారు 12 కోట్ల చెక్ కోరునాలు చెల్లించి ఆ మైదానాన్ని కొన్నది. అప్పటికే జట్టు తన గుంటలోకి తిరిగివచ్చి ఆడుతున్నది. ఇప్పుడు ఆ నేల ఏ ఒక్కరి వ్యాపారానికీ చెందక నగర ప్రజలందరి ఆస్తియైంది.

2022–23లో బొహీమియన్స్ లీగ్‌లో నాలుగవ స్థానం సంపాదించింది. 1987 తరువాత మొదటిసారిగా 2023లో ఐరోపా పోటీలో కాలుపెట్టింది. నార్వే దేశపు జట్టు చేతిలో తొలి మెట్టులోనే ఓడిన మాట నిజమే. అయితే పదునెనిమిదేండ్ల క్రితం చందాలు పోగుచేసుకొన్నవారికి అక్కడిదాకా రావడమే పెద్ద సంగతి.

చదువరులారా, ఈ క్లబ్బు ఒకే ఒక్కసారి దేశపు లీగ్ గెలిచింది. కప్పులు లెక్కపెడితే ప్రక్కనున్న స్లావియాతో సరితూగదు. కాని దాని పేరు మార్చినవారు పోయారు, అప్పులపాలు చేసినవారు పోయారు, దాని పేరు అద్దెకు తీసుకొన్నవారు వెనుకబడ్డారు. నిలిచినవారు ఆ పేటవారు. తాతలు కట్టిన చోటు మనది అని నోటితో చెప్పుకోవడం తేలికే. అది చేజారిపోయే దినాన చేతనైనంత ఇచ్చి, కాళ్లరిగేలా తిరిగి నిలబెట్టుకొన్నవారికే అది నిజంగా తమదవుతుంది.

మీలో ఎవరి పిల్లలైనా చదువుకో, ఉద్యోగానికో ప్రాగ్ నగరానికి వెళ్తే, ఆట ఉన్న ఒక సాయంత్రం ఆ ట్రాము ఎక్కమని చెప్పండి. స్టాపు వెదకనక్కరలేదు. ఆకుపచ్చ కండువాల తాతలు, మనుమలు చేతులు పట్టుకొని ఎక్కడ దిగితే అక్కడ దిగడమే.