అద్దె మందిరమా, సొంత మందిరమా?

గుంటూరులో ముప్పదియారు కుటుంబములు గల యొక చిన్న క్రైస్తవ సంఘమునకు నేను కోశాధికారిని. మాకు సొంత మందిరము లేదు. ఒక వర్తకుని మేడమీది హాలును నెలకు 12,000 రూపాయల అద్దెకు తీసికొని ఆదివారపు ఆరాధన జరుపుకొనుచున్నాము. మా సంఘమున కూలిచేసి బ్రదుకువారే యెక్కువ. స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడెల్ల పిడికెడు తీసి వేరుగ నుంచి, ఆదివారమునాడు తెచ్చి యిత్తురు. ఆ బియ్యము అమ్మగా వచ్చిన డబ్బు కూడ అద్దెలో చేరును.

గడచిన వేసవిలో మా సంఘమున నొక వృద్ధుడు కాలధర్మము నొందెను. తొమ్మిదేండ్లు ఆ హాలును తుడిచి చాపలు పరచిన మనుష్యుడాతడు. కడపటి ప్రార్థనకై శవపేటికను తీసికొని రాగా ఇంటి యజమాని మెట్లకడ నిలిచి, "పెండ్లిండ్లు చేసికొనండి, కాదనను. పీనుగును మాత్రము నా యిల్లెక్కింపవద్దు" అనెను. ఆయన దుష్టుడు కాడు. అద్దె పది దినములాలస్యమైనను ఒక్కమాట యనడు. కాని అద్దెయింట శవముండరాదను ఆచారము మనలో నెన్ని కుటుంబములను దుఃఖసమయమున వీధిపాలు చేయుచున్నదో చదువరులెరుగనిది కాదు. మేమును వీధిలో, షామియానా క్రింద, ప్రార్థన ముగించుకొంటిమి.

మరుసటి ఆదివారము సభ జరిగెను. స్థలము కొనవలసినదేయని యువకులు పట్టుపట్టిరి. నా మనస్సును అటువైపే యుండెను. సంఘపెద్ద యొకరు 100 చదరపు గజముల స్థలము 25 లక్షలకు దొరకుననిరి. మా నిధి 6 లక్షలు. తక్కిన 19 లక్షలు అప్పు చేయవలెను. "నెలనెలా అద్దె కట్టుట బూడిదలో పోసిన పన్నీరే గదా" యని అందరును తలలూపిరి.

ఆ రాత్రి నేను లెక్క వేసి చూచితిని. ఏడాదికి నూటికి 12 చొప్పున 19 లక్షలకు వడ్డీ 2,28,000. అనగా మొదట నెలకు 19,000. అసలు తీర్చుట, రిజిస్ట్రేషను ఖర్చు, కట్టడము ఇందులో చేరలేదు. అద్దె పన్నీరైనచో వడ్డీ మాత్రము పన్నీరు కాదా? అంతియకాదు. అప్పున్న సంఘమున ప్రతి ప్రసంగము చివరకు చందాలోనే ముగియును. ఇయ్యలేనివారు సిగ్గుపడి రాక మానుదురు. గోడలు లేచునప్పటికి మనుష్యులుండరు.

ఇంకొక చిక్కు. మా సంఘము అప్పటికి రిజిస్టరు కాలేదు. కావున దస్తావేజు తన పేర వ్రాయించుకొందునని ఆ పెద్దగారే యనిరి. ఆయన సత్యసంధుడు. కాని రేపు ఆయన వారసులు చట్టమును చూతురు గాని తండ్రి మనస్సును చూతురా?

రెండవ సభలో నేనీ లెక్కలన్నియు చదివితిని. అపొస్తలుడైన పౌలు రోమాలో రెండేండ్లు అద్దెయింటనే బోధించెననియు, ఎఫెసులో తురన్ను పాఠశాలయే ఆయనకు మందిరమైనదనియు జ్ఞాపకము చేసితిని. ఒక యువకుడు మెదకు దేవాలయము మాట యెత్తెను. 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ మహామందిరము వెనుక సీమ మిషను నిలిచియుండెనని బదులు చెప్పితిని. సభ నా పక్షమైనట్లే తోచెను.

అప్పుడా వృద్ధుని భార్య లేచి, "నాయనా, నీ లెక్క సరిగానే యున్నది. నా పెనిమిటిని వీధిలో పెట్టిన సంగతి ఆ కాగితములో ఎక్కడ వ్రాసినావు?" అనెను.

నాకు నోట మాట రాలేదు. అద్దెకును వడ్డీకును గల భేదము లెక్కించితిని గాని, అద్దెకున్నవాడు దేనిని పోగొట్టుకొనుచున్నాడో లెక్కింపనైతిని. కొనవలెనన్నవారి వాదములో నిజమైన బలము డబ్బు కాదు, మర్యాద.

అటుపిమ్మట మేము రెండు పనులు చేసితిమి. 2001 నాటి సొసైటీల చట్టము క్రింద సంఘమును రిజిస్టరు చేయించితిమి. ఇక నేది కొన్నను సంఘము పేరనే కొందుము. అంతవరకు పదునొకండు నెలల కాగితము తిరుగ వ్రాసికొనుచుంటిమి. ఎల్లవారును అట్లే చేయుదురు. దానిని మాని మూడేండ్ల ఒప్పందము రిజిస్టరు చేయింపుమని యజమాని నడిగితిమి. అద్దె 1,500 హెచ్చించితిమి. అందులో శవపేటికను గూర్చి యొక షరతు కోరితిమి. ఆయన రెండువారములు పలుకలేదు. తుదకు మేడమీదికి కాదు గాని, క్రింది వసారాలో ఒక గంట యుంచుకొనవచ్చునని ఒప్పుకొనెను. మేము కోరినది పూర్తిగ దొరకలేదు. అయినను వీధికంటె వసారా మేలు. నోటిమాటకంటె వ్రాత మేలు.

సొంత మందిరము వలదని నేననను. చిన్న సంఘము కొననే వలెను. కాని అప్పుతో కొనరాదు, ఒకరి పేర కొనరాదు. ఇప్పుడు నెలకు 5,000 నిధిలో వేయుచున్నాము. చాల యేండ్లు పట్టును. ఆ ముసలమ్మ షరతు విని యేమియు ననలేదు. ఆదివారము మాత్రము ఎప్పటివలెనే బియ్యపు మూట తెచ్చి నా ముందుంచి, "ఇది అద్దెకు కాదు, స్థలమునకు వ్రాసికో" అనెను. అట్లే వ్రాసికొంటిని.