బోర్డు పోలేదు, గాలి ఆగింది

కొంచెం పొడుగు పోస్టు. పాత కంప్యూటర్ ఉన్న ప్రతి కాలనీకీ పనికొస్తుందని రాస్తున్నాం.

మాది వాకాడు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే యానాది కాలనీ. సాయంత్రం పిల్లలు చదువుకునే గదిలో ఒక డెస్క్‌టాప్ ఉంది. ఉద్యోగం వచ్చాక మా అన్న ఒకాయన ఇచ్చాడు. స్కాలర్‌షిప్ ఫారాలు, హాల్ టికెట్లు అన్నీ దాంట్లోనే. పోయిన వానాకాలం, స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఐదు రోజులే ఉందనగా అది మొరాయించింది. ఆన్ చేసిన పావుగంటకు టక్కున ఆగిపోతుంది. వెంటనే వేస్తే రెండు నిమిషాలు కూడా నిలవదు. అరగంట వదిలేస్తే మళ్లీ పావుగంట నడుస్తుంది. అప్పటికి పదకొండు మంది ఫారాలు మిగిలున్నాయి.

టౌన్‌లో ఒక షాపుకి ఎత్తుకెళ్లాం. మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు హీటై పోయింది, కొత్తది వేయాలి, నాలుగున్నర వేలు" అన్నాడు. "మీవాళ్లు సరిగ్గా వాడలేరు గదా" అని ఇంకో మాట కూడా అన్నాడు. నాలుగున్నర వేలంటే రొయ్యల గుంటల కాడ పనికి పోయే మా నాయనోళ్లకు పది రోజుల కూలి. ఏం మాట్లాడకుండా పెట్టె మోసుకుని వచ్చేశాం.

బస్సులో ఒక అనుమానం వచ్చింది. బోర్డు నిజంగా పోయుంటే, అరగంట ఆపితే మళ్లీ ఎందుకు పనిచేస్తోంది? ఇది జ్వరం లాంటిది. జ్వరమైతే ముందు కొలిచి చూడాలి.

ఆన్ చేస్తూనే డిలీట్ కీ నొక్కితే మా మిషన్‌లో బయోస్ వస్తుంది. అందులో హార్డ్‌వేర్ మానిటర్ అని ఒక పేజీ ఉంది. ప్రాసెసర్ వేడి 58, 71, 84... పది నిమిషాల్లో 92 డిగ్రీలు. మామూలుగా అక్కడ 40 నుంచి 55 మధ్య ఉంటే చాలు. వంద దాటే పరిస్థితి వస్తే ప్రాసెసర్ కాలిపోకుండా మిషన్ తనే ఆగిపోతుంది. బోర్డు వేడి మాత్రం 43. ఫ్యాన్ కూడా తిరుగుతోంది. అంటే ప్రాసెసర్ మీది వేడి బయటికి పోవడం లేదు, అంతే.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, చేత్తో ఇనుప చట్రం తాకి మూత తీశాం. ఫ్యాన్ కింద అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము కంబళిలాగా పేరుకుని ఉంది. ఊదితే పోదు, తడితడిగా అంటుకుపోయింది. మన తీరంలో దుమ్ముతో పాటు ఉప్పు కూడా వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. అది దుమ్ముతో కలిసి బురదై గట్టిపడుతుంది, లోహాన్ని కూడా తింటుంది. కొత్త పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులిపాం. వేడి 80కి దిగింది, కానీ ముప్పావుగంటకు మళ్లీ ఆగింది.

మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాం. ఇది మా తప్పు. ఆ పూటకు నడిచింది గానీ, తెల్లారేసరికి లోపల మళ్లీ ఉప్పు దుమ్ము.

అప్పుడు మా కాలనీ తాత ఒకాయన వచ్చి చూసి, "ఏందబయా, గాలి ఏ బొక్కలో దూరి ఏ బొక్కలో బయటికొస్తాది?" అని అడిగాడు. ఎలుకల బొరియకు పొగ పెట్టేముందు ఆయన చూసుకునేది అదే. ఎన్ని బొక్కలున్నాయి, ఏది మూసుంది అని. మేము వానకు తడుస్తుందని పెట్టెకు ప్లాస్టిక్ పట్ట కప్పి, వీపు గోడకు ఆనించి పెట్టాం. వేడిగాలి గోడకు తగిలి మళ్లీ లోపలికే వస్తోంది. జానెడు ముందుకు జరిపాం, పట్ట తీసేశాం. ఇంకో ఆరు డిగ్రీలు తగ్గింది.

అసలు సంగతి ఇంటర్ చదివే మా చెల్లి కనిపెట్టింది. ఆ ఫ్యాన్‌ను బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. ఒకటి ఊడి ఉంది. పట్టుకుంటే ఫ్యాన్ ఊగుతోంది. కింద ప్రాసెసర్‌కు పూసిన పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. నూట ఇరవై రూపాయలకు థర్మల్ పేస్టు తెచ్చాం. పాతదాన్ని ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగ్గింజలో సగమంత కొత్తది మధ్యలో పెట్టాం. పిన్నులు ఎదురెదురు మూలలవి నొక్కుతూ, నాలుగూ టక్ మనేదాకా బిగించాం. బోర్డు మీద కెపాసిటర్లు కూడా చూశాం. వాటి నెత్తి ఉబ్బి ఉంటే అది బోర్డు జబ్బే, టంకం పని తెలిసినోళ్లకు ఇవ్వాల్సిందే. మావి చదునుగానే ఉన్నాయి.

మూత వేసి ఆన్ చేస్తే 47 డిగ్రీలు. గంట చూశాం, కదల్లేదు. ఆ రాత్రి తొమ్మిది ఫారాలు పంపాం. మిగతా ఇద్దరు మా మిషన్ మీద నమ్మకం లేక, కూలి పోగొట్టుకుని ముందురోజే నెట్ సెంటర్‌కు పోయొచ్చారు. ఆ బాధ మాకు ఇంకా ఉంది.

శ్రీహరికోట మన పెద్దోళ్లు బతికిన దీవి. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తుంటే మనం దూరం నుంచి తలెత్తి చూస్తున్నాం. ఆ సంగతి అలా ఉంచితే, మన గదిలో ఉన్న పెట్టె మూత మనమే తీయొచ్చు. ఎవరైనా "బోర్డు పోయింది" అంటే డబ్బులు తీసేముందు మూడు అడగండి: వేడి ఎంత చూశారు? పిన్నులు, పేస్టు చూశారా? కెపాసిటర్ ఉబ్బిందా, చూపిస్తారా?

మిగిలిన పేస్టు ట్యూబు మా దగ్గరే ఉంది. కోట, వాకాడు, చిల్లకూరు వైపు ఎవరికైనా కావాలంటే కింద రాయండి, బ్రష్ తీసుకుని మేమే వస్తాం.