బెంగళూరు ఆఫర్ వచ్చిందా?

ఏమండీ, బెంగళూరులో పదిహేను లక్షలటగా! సంతోషం. హైదరాబాదులో పన్నెండుకి చేస్తున్నవాళ్లకి పాతిక శాతం పెంపంటే మాటలా? రాజీనామా పెట్టేముందు ఓ పది నిమిషాలు కూర్చోండి, కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

ఈ రెండు జీతాల మధ్యలో ఒక గీత ఉంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఉద్యోగులకు 12 లక్షల 75 వేల దాకా ఆదాయపు పన్ను లేదు. అంటే ఇప్పుడు మీరు కట్టేది సున్నా. పదిహేనుకి వెళ్లారంటే, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేశాక కూడా, సెస్సుతో కలిపి 97,500 కట్టాలి. పెరిగిన మూడు లక్షల్లో దాదాపు మూడో వంతు పోయినట్టే. మిగిలింది నెలకు 16,875. అదీ పదిహేనూ జీతంగానే చేతికొస్తే! సీటీసీలో కంపెనీ పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్ కూడా కలిపేసి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆఫర్ లెటర్లో ముందు చూడాల్సింది అదే.

ఇక అద్దె. మియాపూర్‌లో 22 వేలు ఇస్తున్నారనుకోండి. వైట్‌ఫీల్డ్ వైపు అలాంటి ఇల్లే 38 వేలనుకుందాం. తేడా పదహారు వేలు. పెరిగిన జీతంలో మిగిలింది 875 రూపాయలు.

అడ్వాన్సు సంగతి వేరే. మనకు రెండు నెలలిస్తే తాళాలిస్తారు. అక్కడ ఒకప్పుడు పది నెలలు తీసుకునేవారు, ఇప్పటికీ ఐదారు నెలలు అడగడం మామూలే. ఆరు నెలలంటే 2,28,000 ఒక్కసారిగా తీయాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓ నెల అద్దె పట్టుకోవడం కూడా అక్కడి అలవాటు. ఇల్లు చూసేటప్పుడు కావేరి నీళ్లొస్తాయా, బోరా, ట్యాంకరా అని తప్పకుండా అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఆ ఊరు ఎంత అవస్థ పడిందో చూశాం కదా.

ఏ లెక్కలోనూ కనబడనివి కొన్నుంటాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సాయంత్రం అన్నం కుక్కర్లో పడేసి, సందు చివర కర్రీ పాయింట్‌కి వెళ్తే పప్పు, ఓ వేపుడు, మూతి ముడేసిన కవర్లో వేడి సాంబారు, పది నిమిషాల్లో భోజనం సిద్ధం. అది మన ఊళ్లల్లో ఉన్నంత విరివిగా అక్కడ దొరకదు. రోజూ యాప్‌లో తెప్పించుకుంటే నెలాఖరుకి తెలిసొస్తుంది. ఆడవాళ్లకి ఇక్కడ మహాలక్ష్మి కింద బస్సు ఉచితం. అక్కడి శక్తి పథకం కర్ణాటక మహిళలకే. తెలంగాణ అడ్రసుతో ఎక్కితే టికెట్ కొనాల్సిందే. కారు తీసుకెళ్లి ఏడాది దాటి ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చాలి, అక్కడి పన్ను కట్టాలి. అన్నిటికన్నా పెద్దది, పాపకి జ్వరమొస్తే సూర్యాపేట నుంచి పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి వచ్చేసే అమ్మమ్మ. బెంగళూరులో ఆ చోటుకి డేకేర్‌నో ఆయానో పెట్టుకోవాలి. అయినా అమ్మమ్మ అమ్మమ్మే.

వెళ్లొద్దని కాదు నేననేది. కంపెనీలు మారడానికి అక్కడున్న దారులు నిజంగానే ఎక్కువ, పాతికేళ్ల కుర్రాళ్లయితే నేనే వెళ్లమంటాను. సంసారంతో వెళ్లేవాళ్లు మాత్రం పద్దెనిమిది అడగండి. అప్పుడు పన్నూ, అద్దె తేడా పోను నెలకు ఇరవై ఒక్క వేల పైన మిగులుతుంది. అడ్వాన్సుకి సరిపడా జాయినింగ్ బోనస్ కూడా అడగండి, ఏడాదిలోపు మానేస్తే అది తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చూసుకోండి. ఇవన్నీ సంతకం పెట్టకముందే తేల్చుకోండి.