కన్నులను నడిపించు నాడులు

పుస్తకము చదువునప్పుడు మన చూపు కాలువనీరువలె పంక్తి వెంబడి జాఱుచు పోవునని పలువురు తలంతురు. నిజమునకు కన్ను జాఱదు, దుముకును. ఒక పదముపై సెకండులో సుమారు నాలుగవ వంతు నిలిచి, తటాలున మఱియొక పదముపైకి లంఘించును. 1879లో ఎవాల్డ్ హేరింగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, వైద్యుడు గుండెచప్పుడు వినునట్లు, కనురెప్పలపై సన్నని రబ్బరు గొట్టములుంచి కంటి కండరముల చప్పుడు వినెను. చదువుచున్నవాని కన్ను ఆగి ఆగి నడచుచున్నదని ఆ చప్పుడే ఆయనకు తెలిపెను. దీర్ఘసమాసము ఎదురైనప్పుడు మా తరగతి బాలుడు నడుమ తడబడి మరల మొదటికి వచ్చుట అశ్రద్ధ వలననే యని కోపించు ఉపాధ్యాయులు ఈ సంగతిని గుర్తెఱిగిన మేలు. దుమికిన కన్ను ఒక్కొక్కప్పుడు వెనుకకు రాకతప్పదు.

ఇట్లు దుముకనేల? నేత్రపటలము నడుమనున్న చిన్న గుంటలో మాత్రమే చూపు మిక్కిలి స్ఫుటముగా నుండును. అది చూడగల మేర, చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి గోరంత. తక్కిన జగమంతయు మనకు మసకయే. కావున మెదడు ఆ గోరంత చూపును సెకండునకు ఇంచుమించు మూడు మాఱులు ఇటునటు విసరుచుండును. ఎక్కడికి విసరవలయునో నిర్ణయించుటలో నుదుటివైపు మెదడునకును, మెదడుకాండము పైభాగమున గుట్టలవలె నున్న రెండు చిన్న భాగములకును పాలు కలదు. ఎదుటి దృశ్యమునకు ఒక పటమువంటిది ఆ గుట్టలలో నున్నది. దుముకు ఎక్కువ తక్కువలైనచో తల వెనుకనున్న చిన్నమెదడు దిద్దును. దుముకుచున్నంతసేపు మెదడు చూపును అణచివేయుటచేత లోకము కదలినట్లు మనకు తోచదు. విద్యార్థులారా, అద్దము ముందు నిలిచి మీ ఎడమకంటినుండి కుడికంటికి చూపు మార్చుడు. మీ కన్నులు కదలుట మీకు కానరాదు. ప్రక్కనున్న చెలికానికి కానవచ్చును.

కన్ను జాఱుట యెన్నడును లేదా? కలదు, కాని కదలు వస్తువు ఎదుట నుండవలయును. గుంతకల్లు నుండి ఆదోనికి రైలులో పోవునప్పుడు, కిటికీలోనుండి ప్రత్తిచేలను చూచుచున్న పసివాని కన్నులను గమనింపుడు. ఒక చెట్టును పట్టుకొని కన్ను మెల్లగా దాని వెంట పోవును, చెట్టు దాటిపోగానే గభాలున ముందునకు దుమికి వేఱొక చెట్టును పట్టుకొనును. ఎమ్మిగనూరు మగ్గములయొద్ద మాత్రము మేమిట్టిది చూడలేదు. నాడె అటునిటు పరుగెత్తుచుండగా నేతగాని చూపు దాని వెంబడింపక బట్ట అంచుననే నిలిచియుండెను. పోగు తెగిన చోటికి మాత్రము ఒక్క దుముకున పోయెను. నాడె మీద ఎందులకు కన్ను వేయరని అడుగగా, ఆ వృద్ధుడు నవ్వి, దాని సంగతి చేయి చూచుకొనునని చెప్పెను.

మఱియొక పని, మా దృష్టిలో అన్నిటికంటె వింతయైనది, కలదు. ఈ పుటను కదలకుండ పట్టుకొని తలను అడ్డముగా ఊపుచు చదువుడు. అక్షరములు తెలియును. తలను నిలిపి పుటను అంత వేగముగా ఊపుడు. అక్షరములు అలుకుకొనిపోవును. చెవి లోపలి గొట్టములలోని ద్రవము తల కదలికను పసిగట్టి మెదడుకాండమునకు వార్త పంపగా, సెకండులో సుమారు నూఱవ వంతు గడచునప్పటికే కన్ను తలకు ఎదురుదిక్కుగా తిరుగును. ఆలోచనకు అందులో తావు లేదు. 1952లో ఒక వైద్యుడు తన పూర్తి పేరు చెప్పక అమెరికా వైద్యపత్రికలో తన కథ వ్రాసెను. స్ట్రెప్టోమైసిన్ మందువలన ఆయన చెవిలోని ఈ యంత్రము చెడినది. పడుకొని చదువబోయినచో గుండె కొట్టుకొను ప్రతిమాఱు తల అదరి అక్షరములు గంతులు వేసెడివట. మంచము కమ్ముల నడుమ తలను బిగించుకొని చదువవలసివచ్చెనట. వీధిలో నడచునప్పుడు ఎదుటివారి ముఖములును గుర్తుపట్ట వీలు లేకపోయెనట.

ఈ పనులన్నిటిని నెఱవేర్చుటకు ఒక్కొక్క కంటికి ఆఱు కండరములు గలవు. వానిని నడుపునవి మూడు నాడులు. మెదడునుండి వెలువడు నాడులలో మూడవది నాలుగు కండరములను, పైఱెప్పను ఎత్తు కండరమును గూడ నడుపును. ఆఱవది కంటిని బయటివైపునకు లాగు కండరమును నడుపును. నాలుగవ నాడి మిక్కిలి సన్ననిది. అది ఒక్కటియే మెదడుకాండము వెనుకవైపునుండి పుట్టి, అవతలి ప్రక్కకు దాటి, చుట్టుదారిన కంటికి చేరును. అది నడుపు కండరపు త్రాడు, బావి గిలకమీది చేదత్రాడువలె, ముక్కు ప్రక్కనున్న చిన్న గిలకగుండ పోయి కంటిని పట్టుకొనియున్నది.

ఈ గిలక సంగతి మాకు పుస్తకములలోకంటె ఒక బాలికవలన బాగుగ తెలిసినది. కృష్ణగిరివైపునుండి వచ్చి మా యొద్ద ఆఱవ తరగతిలో చేరిన ఆ బిడ్డ ఎల్లప్పుడు తలను ఎడమ భుజమువైపు వంచియుంచెడిది. తోడి బాలికలు "వయ్యారి" యని పరిహసించిరి. మెడనరము పట్టినదని తల్లి ఏండ్ల తరబడి ఆముదముతో మర్దన చేయించినది. నిటారుగ కూర్చుండుమని ఒక ఉపాధ్యాయిని గద్దించినప్పుడెల్ల ఆమె తల నిలుపును. వెంటనే పుస్తకమును మూసివేయును. ఆ మూసివేయుట మాకు వింతగా తోచినది.

ఆ యేడు పాఠశాలలో కంటిపరీక్ష జరిగినది. అక్షరముల అట్టను రెండు కన్నులతోను, వేఱువేఱుగను, తప్పులేక చదివినది. కాని అరచేతితో ఒక కన్ను మూసినంతనే ఆమె మెడ తనంతట నిటారుగ నిలిచినది! చేయి తీయగానే మరల వాలినది. మెడనరము పట్టినచో అట్లు జరుగదు గదా. మేము తండ్రిని పిలిపించి, "అయ్యా, దోషము మెడలో కాదేమో, కంటివైద్యునికి చూపుడు" అని చెప్పితిమి. ఆయన కూలిపని విడిచి కర్నూలు పోవుటకు రెండు వారములు వెనుకాడినను, తుదకు పోయెను. కుడికంటి నాలుగవ నాడి పుట్టుకనుండి బలహీనమని వైద్యుడు తేల్చెను. తల నిటారుగ నున్నచో కుడికన్ను పైకి తేలి అక్షరములు ఒకదానిపై నొకటి రెండుగా కనబడును. ఎడమకు వంచినచో ఒక్కటియగును. ఆ బిడ్డకు అది వయ్యారమును కాదు, మొండితనమును కాదు. చదువుకొనుటకై ఆమె మెదడు కనిపెట్టుకొన్న ఉపాయము. పుట్టినది మొదలు లోకమును అట్లే చూచినది కావున, తనకు రెండుగా కనబడునని ఎవరికిని చెప్పవలయునని ఆమెకు తోచలేదు. కంటి కండరమునకు శస్త్రచికిత్స జరిగినది. మెడ ఇప్పుడు చాలవరకు నిటారుగ నున్నది. అలసినప్పుడు మాత్రము కొంచెము వాలును.

తలిదండ్రులతో ఒక మాట. మెల్లకన్ను అదృష్టమని మన ప్రాంతమున చెప్పుకొందురు. మాకు ఈ మాటపై మిక్కిలి కోపము. వంకరగా తిరిగిన కంటినుండి వచ్చు బొమ్మను పసివాని మెదడు త్రోసిపుచ్చును. క్రమముగా ఆ కంటిచూపే మందగించును. ఏడెనిమిది యేండ్లలోపల చికిత్స మిక్కిలి ఫలించును, అటుపిమ్మట కష్టము. అదృష్టమని కూర్చున్నవారు బిడ్డకు ఒక కన్ను పోగొట్టినవారగుదురు. ఇక, చక్కగానున్న బిడ్డకు హఠాత్తుగా కన్ను లోనికి తిరిగినను, వస్తువులు రెండుగా కనబడినను, దానితోపాటు తలనొప్పియు వాంతులును ఉన్నను, ఆ దినముననే వైద్యుని చేరుడు. పుఱ్ఱెలోపల ఒత్తిడి పెరిగి ఆఱవ నాడి నలుగుచుండవచ్చును.

ఆ బాలిక తల్లిని వైద్యుడు మొదట అడిగినది పాత ఛాయాపటములను. ఏడాది బిడ్డగా మేనమామ ఒడిలో కూర్చున్న పటములోనే తల ఎడమకు వాలియున్నది. దోషము నేటిదో పుట్టుకనాటిదో తెలియుటకు వైద్యులు ఇట్లే పటములు చూతురట. మీ యింట తల వంచి చూచు బిడ్డ యున్నచో, వైద్యునియొద్దకు పోవునప్పుడు పాత పటములను వెంట తీసికొనిపొండు.