లక్ష గొంతులు, ఒక కుర్రాడు
కాలేజీ ఫుట్‌బాల్ మతంగా మారిన ఆస్టిన్‌లో ఓటమికి బాధ్యులెవరన్నది ఎప్పుడూ రగిలే వివాదమే

శరదృతువులో శనివారం వచ్చిందంటే ఆస్టిన్ రంగు మారిపోతుంది. టెక్సస్ రాష్ట్ర రాజధాని వీధులన్నీ ముదురు నారింజ చొక్కాలతో నిండిపోతాయి. చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి చూపితే అది పలకరింపు. విశ్వవిద్యాలయ జట్టు చిహ్నమైన పొడుగు కొమ్ముల ఎద్దుకు అది గుర్తు. బీవో అనే అసలు ఎద్దు కూడా మైదానం అంచున నిలబడి ఆట చూస్తుంటుంది. 1924లో కట్టిన స్టేడియంలో ఇప్పుడు లక్ష మంది కూర్చోవచ్చు. ఆడేది మాత్రం విద్యార్థులు.

2025 సెప్టెంబర్ 13న ఆ లక్ష గొంతుల్లో కొన్ని తమ ఆటగాడినే గేలి చేశాయి. అతను ఆర్చ్ మానింగ్, 21 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్. తాత ఆర్చీ, బాబాయ్‌లు పేటన్, ఎలై ముగ్గురూ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. సీజన్‌కు ముందు దేశంలో మొదటి ర్యాంకు దక్కించుకున్న జట్టు, ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడి సీజన్ మొదలుపెట్టింది. రెండు వారాల తర్వాత యూటెప్‌పై 27-10తో నెగ్గినా, మానింగ్ విసిరిన 25 పాస్‌లలో అందినవి 11. వరసగా పది గురి తప్పాయి.

తప్పెవరిది? ఒక వర్గం వేలు కోచ్ స్టీవ్ సార్కిసియన్ వైపు చూపింది. ఏ ఎత్తు వేయాలో ఎంచుకునేది ఆయనే. 2024 నుంచి కాలేజీ ఆటలోనూ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో ఉంటోంది. గడియారంలో 15 సెకన్లు మిగిలేదాకా కోచ్ గొంతు అతని చెవిలో పలుకుతూనే ఉంటుంది. పైగా అతనికి రక్షణగా నిలిచే ఐదుగురిలో నలుగురు అంతకుముందు సీజన్‌తోనే వెళ్లిపోయారు. ఏటా కోటి డాలర్లకు పైగా పుచ్చుకునే కోచ్ కొత్త గోడ కట్టుకోలేదేమని వీరి ప్రశ్న.

రెండో వర్గం వాదన వేరు. రేడియో మూగబోయాక నిర్ణయం కుర్రాడిదే. ఎదురుగా ఉన్న మనిషిని చూసి బంతి విసరలేకపోతే కోచ్ ఏం చేస్తాడు? పైగా 2021 నుంచి ఆటగాళ్లు ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. డబ్బు తీసుకునేవాడు మాట పడాల్సిందేనన్నది వీరి తీర్పు.

భారత క్రికెట్ అభిమానికి ఈ తగువు కొత్తేమీ కాదు. 2007 ప్రపంచ కప్‌లో భారత్ తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టినప్పుడు తప్పు సీనియర్లదా, కోచ్ గ్రెగ్ చాపెల్‌దా అని ఊరూరా వాదించుకున్నారు. కాకపోతే ఇక్కడ బోనులో నిలబడ్డవాడు సోమవారం పొద్దున మళ్లీ క్లాసుకు వెళ్లాలి, గేలి చేసిన తోటి విద్యార్థుల పక్కనే కూర్చోవాలి.

అక్టోబర్ 4న ఫ్లోరిడా చేతిలో 29-21తో ఓడినప్పుడు గొడవ పతాకస్థాయికి చేరింది. వారం తిరిగేసరికి చిరకాల ప్రత్యర్థి ఓక్లహోమాను 23-6తో చిత్తుచేశారు. నవంబర్ 28న, అప్పటిదాకా ఓటమి ఎరుగని టెక్సస్ ఎ అండ్ ఎంను సొంతగడ్డపై 27-17తో మట్టికరిపించారు. కోచ్ మారలేదు, క్వార్టర్‌బ్యాక్ మారలేదు. అయినా జాతీయ టైటిల్ పోటీలో చోటు దక్కలేదు. ఆ గెలుపుల్లో ఎవరి వాటా ఎంతో తేల్చమని మాత్రం ఆస్టిన్‌లో ఎవరూ పట్టుబట్టలేదు.